తాడుకు అవతలి కొస

మా ఇంటి వెనక తలుపు తీస్తే పది అడుగుల్లో ఏరు. సుద్దనేలలోంచి ఊరి వచ్చే నీళ్లు కాబట్టి నడుం లోతులో కూడా అడుగున గులకరాళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. ట్రౌట్ చేప తోక ఆడిస్తే చేపకంటే ముందు దాని నీడ కంటబడుతుంది. ఏప్రిల్ నెలలో ఆ ఒడ్డు వెంట నడవడం కంటే హాయి ఇంకోటి లేదని పెళ్లయిన కొత్తలో అందరితో అనేదాన్ని. అడవి వెల్లుల్లి వాసన, విల్లో చెట్ల లేతాకులు, గూటికోసం పుల్లలు మోసుకుపోయే నీటికోళ్లు. ఇప్పుడు ఆ వెనక తలుపుకి మేకులు కొట్టేశాను.

మా ఆయన అమోస్ ఈ ఏటికి కాపరి. పట్నం నుంచి పెద్దమనుషులు గాలం వెయ్యడానికి వస్తారు. వాళ్లొచ్చేసరికి ఏరు శుభ్రంగా ఉంచడం ఆయన పని. ఇల్లు ఆ ఉద్యోగంతో వచ్చిందే. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది. ఆ భయం ఆయనకంటే నాకే ఎక్కువ ఉండేది.

వసంతంలో ఏటిగడ్డి పిచ్చిగా పెరుగుతుంది. పచ్చటి జడల్లాగా బారెడేసి పొడుగు. కొయ్యకపోతే నీళ్లు ఒడ్డు పొర్లి పచ్చికల మీదకి ఎక్కుతాయి. అలాగని ఎవరికి తోచినప్పుడు వాళ్లు కొయ్యడానికి లేదు. కోసిన గడ్డి కిందివాళ్ల మీదకి కొట్టుకుపోతుంది కదా, అందుకని ఏటి పొడుగునా అందరికీ ఒకే కోత రోజులు. ఆ రోజులు దాటితే మళ్లీ జూన్ దాకా ఏట్లో కొడవలి దించకూడదు.

కోతకి వాడేది కొడవళ్ల గొలుసు. కొడవలి కొసకి కొడవలి బిగించి ఏటి వెడల్పునా అడుక్కి దించుతారు. రెండు చివర్లా తాడు, తాడు కొసకి చెక్క పిడి. ఈ ఒడ్డున ఒకళ్లు, ఆ ఒడ్డున ఒకళ్లు. ఒకళ్లు లాగితే రెండోవాళ్లు వదులివ్వాలి, తర్వాత వాళ్లు లాగాలి. అలా లాక్కుంటూ ఇద్దరూ ఎగువకి నడవాలి. లాగడం అయిపోగానే "నీది" అని కేకెయ్యాలి. ఇంక లాగడం అవతలివాళ్ల వంతని అర్థం. మూడు గుంజులిస్తే ఆగమని. రెండు గుంజులిస్తే మొదలెట్టమని. ఏం జరిగినా పిడి మాత్రం వదలకూడదు. అవతలివాళ్లు నీళ్లలోకి దిగి ఉంటే వదులైన కొడవళ్లు వాళ్ల కాళ్ల మీదకే పోతాయి.

ఈ ఏటి మీద అందరూ "నీది" అనే అంటారు. అమోస్ మాత్రం ఒక్కనాడూ అలా అనలేదు. "నీదే, దొరసానీ!" అనేవాడు. బంగళాలో వంటపని చేసొచ్చినదాన్నని, నా పొగరు చూసి పెట్టిన పేరు. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత అది వినకపోతే తోచేది కాదు.

ఈ ఏడు ఏప్రిల్ కోత రోజుల్లో అది ఆఖరి ఉదయం. నడుం పట్టేసి అమోస్ వారం రోజులు మంచంలోనే ఉన్నాడు. ఇంటి నుంచి ఎగువ ముక్కంతా కొయ్యకుండా అలాగే ఉండిపోయింది. లేచి చూస్తే ఏటి మీద పొగమంచు. గాలి చల్లబడి నీళ్లు వెచ్చగా ఉన్న ఉదయాల్లో ఏరంతా ఆవిరి కక్కుతుంది. ఒడ్డున నిలబడితే నా బూట్లు నాకే కనిపించలేదు.

"మంచు విడేదాకా ఆగుదాం నెట్టీ," అన్నాడు అమోస్.

"మధ్యాహ్నం దాకా విడదు. ఆ ముక్క మిగిలిపోతే ఎస్టేటు ఏజెంటుకి ఎవరు సమాధానం చెబుతారు? నువ్వా, నేనా?"

"అవతలి ఒడ్డే కనిపించట్లేదు కదే."

"అవతలి ఒడ్డు ఎక్కడికీ లేచిపోలేదులే. భయమైతే చెప్పు, మిల్లు దగ్గర ఎనాక్ తాతని పిలుచుకుంటా. ఎనభై ఏళ్లొచ్చినా నీకంటే ధైర్యస్తుడు."

నోరు జారానని అప్పుడే తెలిసింది. తెలిసీ ఊరుకున్నాను.

అమోస్ తాడు కొస భుజాన వేసుకుని ఇంటికి దిగువన ఉన్న చెక్కవంతెన దాటి మంచులోకి వెళ్లిపోయాడు. ఎగువన అరమైలు దాకా ఇంకో వంతెన లేదు. ప్రతి కోతకీ ముందు ఆయన తన పాత నీలంగళ్ల రుమాలు చించి నా అరచేతులకి పీలికలు చుట్టేవాడు. ముడి మణికట్టు లోపలివైపు వేసి, కొస పళ్లతో పట్టి బిగించేవాడు. ఆ రోజు చుట్టలేదు. రుమాలు మెడలోనే ఉంది. చుట్టమని నేనూ అడగలేదు. అడిగితే ఓడిపోయినట్టని నా మొండితనం.

తాడు రెండుసార్లు గుంజింది. మొదలెట్టాం.

నేను లాగాను. "నీది" అనలేదు. ఆయన లాగాడు. ఆయనా ఏమీ అనలేదు. సరే, నీ అలక నీ దగ్గరే ఉంచుకో అనుకున్నాను. మంచులో పిలుపు మానకూడదని ఈ ఏటి మీద పసిపిల్లలకి కూడా తెలుసు. ఎందుకు మానకూడదో మాత్రం ఎవరూ చెప్పరు. నేనూ ఎప్పుడూ అడగలేదు.

తెగిన గడ్డి నుంచి పచ్చి దోసకాయలాంటి వాసన వస్తోంది. అడుగున కొడవళ్లు గులకరాళ్లకి గీసుకుంటూ గరగరమంటున్నాయి. అది తప్ప ఏ చప్పుడూ లేదు. పక్షులు కూడా లేవలేదు. తెగిన గడ్డి చాపలు చాపలుగా నా పక్కనుంచి కిందికి, మిల్లు వైపుకి పోతోంది. మిల్లు దగ్గర ఏటికి అడ్డంగా దుంగ కట్టి ఉంటుంది. గడ్డి అంతా అక్కడ ఆగుతుంది. ఎనాక్ తాత తొమ్మిదింటికి వచ్చి పంగలకర్రతో ఒడ్డుకి లాగుతాడు. దుంగ మరీ నిండిపోతే ఇనప కమ్మీ మీద కొట్టి మమ్మల్ని ఆపమంటాడు.

ఆల్డర్ చెట్ల మలుపు దగ్గరకి వచ్చాం. అక్కడ అవతలి ఒడ్డు కింద లోతైన గుండం.

తాడు మూడుసార్లు గుంజింది. గట్టిగా, గబగబా.

ఆగాను. బహుశా నడుం పట్టేసి ఉంటుంది, లేకపోతే పైపు వెలిగించుకుంటున్నాడు. 'ఏమైంది?' అని అడగడానికి నోరు తెరిచాను. మళ్లీ మూసుకున్నాను. ముందు తనే పలకాలి. తాడు వదులుగా నీళ్లలో వేలాడుతోంది. నిమిషం... రెండు నిమిషాలు... దిగువ నుంచి, దూరంగా, ఏదో సన్నగా అరిచినట్టయింది. నీటికోడో, ఎనాక్ తాత ఆవో. అటు సగం తిరిగాను.

అంతలో తాడు బిగిసింది. రెండు గుంజులు. నెమ్మదిగా, మెత్తగా.

హమ్మయ్య అనుకుని ఇటు తిరిగాను. లాగడం మొదలెట్టాను.

ఇప్పుడు పని బాగా సాగుతోంది. ఇంతకుముందు ఆయన లాగేటప్పుడు మధ్యలో నొప్పికి ఆగేవాడు. ఇప్పుడు ఆగడం లేదు. లాగుడు ఒకే తీరులో, పొడుగ్గా, బలంగా వస్తోంది. నడుం సర్దుకుందని సంతోషించాను కూడా. నా అరచేతులు మాత్రం మండిపోతున్నాయి. ఒక బొబ్బ పగిలి పిడి జిగటగా అయింది.

అప్పుడు వినిపించింది.

"నీది."

గుసగుసలా ఉంది. నా గుండె ఎంత తేలికపడిందో చెప్పలేను. కోపం తగ్గినట్టుంది. దొరసానీ అనలేదంటే ఇంకా కాస్త మిగిలుందన్నమాట. ఉండనీ, ఇంటికెళ్లాక గుడ్డు వేయించి పెడితే అదీ పోతుంది. నేను లాగి, గట్టిగా, నవ్వుతూ అన్నాను.

"నీది!"

"నీది."

"నీది! అమోస్, కాస్త మెల్లిగా లాగు. నా చేతులు పోతున్నాయి."

"నీది."

అలా ఎంతసేపు పిలుచుకున్నామో. ఆ కాసేపు నేను సుఖంగా ఉన్నాను. పెళ్లయిన కొత్తలో ఉన్నంత సుఖంగా.

నా ఒడ్డున తెల్ల గేటు చేతికి తగిలింది. అంటే అవతల పాత తూము. అక్కడ ఇటుక గోడ ఒకటి ఒడ్డు నుంచి నీళ్లలోకి చొచ్చుకొచ్చి ఉంటుంది. దాని వెనకంతా మనిషి దిగబడే బురద. ఆ ఒడ్డున తాడు పట్టినవాళ్లు మూడు గుంజులిచ్చి నన్ను ఆపాలి. పిడిని గోడ అవతలికి విసరాలి. పచ్చిక మీదుగా చుట్టూ తిరిగొచ్చి దాన్ని వెతుక్కోవాలి. అంత చురుకైన అమోస్‌కే పది నిమిషాలు పట్టేది. నేను కూడా కాస్త చేతులు ఊదుకోవచ్చని ఎదురుచూశాను.

తాడు ఆగలేదు.

నేను లాగాను. అది లాగింది. ఒక అడుగు. ఇంకో అడుగు. గేటు నా వెనక్కి వెళ్లిపోయింది. తాడు గోడకి ఎక్కడా తగల్లేదు, ఒరుసుకోలేదు... గోడే లేనట్టు సాగిపోయింది.

"అమోస్?"

తాడు ఇంకో అడుగు సాగింది.

"అమోస్, గోడ దాటావా?"

"నీది."

అప్పుడు విన్నాను సరిగ్గా. అంతవరకూ వినాలనుకున్నదే విన్నాను. ఆ గొంతు అవతలి ఒడ్డు మీద నుంచి రావడం లేదు. కింద నుంచి వస్తోంది. నీళ్ల మట్టం నుంచి. మోకాళ్ల మీద కూర్చున్న మనిషైనా అంత కింద నుంచి మాట్లాడలేడు.

మంచు ఒక్కక్షణం పలచబడింది. నా చేతిలోంచి వెళ్లిన తాడు కొడవళ్ల దగ్గర మునిగి, అవతల మళ్లీ తేలింది. మనిషి లాగితే తాడు నడుం ఎత్తుకి లేవాలి. అది లేవలేదు. నీళ్ల మీద జానెడెత్తున బిగిసి, ఏటి మధ్యలోంచి ఎగువకి సాగి మంచులోకి పోయింది. అది అవతలి ఒడ్డు వైపుకి మళ్లనే లేదు.



మూడుసార్లు గుంజాను. ఆగు.

రెండు గుంజులు వచ్చాయి. కానివ్వు.

మళ్లీ మూడు గుంజాను. నా బలమంతా పెట్టి.

మళ్లీ రెండు. మెత్తగా. పసిపిల్లని బుజ్జగించినట్టు.

వదిలెయ్యాలి. పిడి వదిలేసి పరిగెత్తాలి. కానీ అమోస్ ఎక్కడ? ఆ నీళ్లలోనే ఎక్కడో ఉంటే? నేను వదిలితే ఆ కొడవళ్లన్నీ ఆయన మీదకి పోతే? పదిహేనేళ్లుగా నాకు నూరిపోసింది అదొక్కటే... పిడి వదలకు, నెట్టీ, ఏం జరిగినా వదలకు. ఏడుస్తూ లాగాను. లాగకపోతే అది నన్నే నీళ్లలోకి లాగేలా ఉంది. నేను లాగడం అవ్వగానే అవతల నుంచి లాగుడు. అంత దగ్గరలో నా భర్త ఉన్నాడో లేడో తెలియదు. దాటడానికి వంతెన లేదు. కేకేస్తే బదులిచ్చేది ఆ ఒక్క మాటే.

"అమోస్! అమోస్!"

"నీది..."

"దేవుడా, అమోస్!"

"నీది..."

దిగువన, ఎక్కడో దూరాన, ఇనప కమ్మీ మోగింది.

దుంగ నిండితే ఎనాక్ తాత నాలుగు దెబ్బలు కొట్టి ఆపుతాడు. ఈసారి ఆపలేదు. పిచ్చెక్కినట్టు కొడుతూనే ఉన్నాడు. ఆ మోతకి తాడు ఒక్కసారిగా వదులైపోయింది. నేను వెనక్కి పడ్డాను. లేచి గొలుసంతా ఒడ్డుకి ఈడ్చాను. దాని వెనకే అవతలి పిడి వచ్చింది. పిడి చుట్టూ ఏటిగడ్డి అల్లుకుని ఉంది. వేళ్లు చుట్టినట్టు. అయిదు వరసలు.

ఇంక చూడలేదు. మిల్లు దాకా పరిగెత్తాను.

అమోస్ దుంగ దగ్గర ఉన్నాడు. ఎనాక్ తాత పంగలకర్రతో గడ్డి లాగుతుంటే చెయ్యి బయటపడిందట. ఆల్డర్ మలుపులో గుండంలోకి జారి, కాలు విరిగి, బూట్ల నిండా నీళ్లతో కొట్టుకొచ్చాడు. ఒక చేత్తో దుంగని వాటేసుకుని ఉన్నాడు. ఆయన మీద మనిషెత్తు గడ్డి. నేను కోసి పంపిన గడ్డి. చాప మీద చాప.

ఇంకా ఊపిరి ఉంది.

ఎనాక్ తాత నా చేతులు చూశాడు. తర్వాత నా మొహం చూశాడు.

"పిలుపు మానారా అమ్మాయ్?" అన్నాడు.

తలూపాను. ఆయన టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఆ సంగతి మాత్రం ఎత్తనివ్వలేదు.

ఆసుపత్రిలో అమోస్ రెండు రోజులున్నాడు. రెండో రోజు కళ్లు తెరిచాడు. పెదాలు ఇంకా నీలంగానే ఉన్నాయి. వంగి చెవి పెడితే గానీ వినిపించలేదు.

"మూడు గుంజాను నెట్టీ."

"తెలుసు. ఆగాను కదా."

"నిన్ను పిలిచాను. దుంగ దగ్గర నుంచి. చాలాసేపు పిలిచాను. తర్వాత గడ్డి రావడం మొదలైంది... ఆగావు కదా, మళ్లీ ఎందుకు మొదలెట్టావ్?"

"నువ్వు రెండు గుంజావుగా!"

ఆయన తల అడ్డంగా కదిపాడు.

"అప్పటికి తాడు నా చేతిలో లేదు," అన్నాడు.

చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాను. బొబ్బలు ఆయన కంటబడ్డాయి. మంచం పక్కన ఆరేసిన నీలంగళ్ల రుమాలు ఇమ్మని సైగ చేశాడు. ఒక అంచు పళ్ల మధ్య పెట్టుకుని చించబోయాడు. రెండంగుళాలు చిరిగింది. అంతకంటే బలం చాల్లేదు.

"తర్వాత కడతాలే దొరసానీ," అన్నాడు.

ఆ సాయంత్రమే పోయాడు. ఆ రుమాలు నా చేతులతోనే ఆయన మెడలో కట్టి, చర్చి వెనక మట్టి కప్పించాను. క్షమించమని అడగడానికి కూడా నాకు వ్యవధి దొరకలేదు. పిరికివాడని అన్నది నేను. మంచులో పంపింది నేను. ఆయన మీద గడ్డి పోసిందీ నేనే.

జూన్ దాకా ఇంట్లో ఉండనిస్తామన్నారు. వెళ్లడానికి నాకు చోటు లేదు, వెళ్లాలనీ లేదు. గొలుసు కొట్లో వేసి తాళం పెట్టాను. వెనక తలుపుకి మేకులు కొట్టాను. పొగమంచు పట్టిన ఉదయాల్లో మాత్రం కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. ఆయన గొంతు వినిపిస్తుందేమోనని. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఎలాంటి గొంతైనా పరవాలేదనిపించేది. ఒక్కసారి "నీదే, దొరసానీ" అంటే చాలు, పరిగెత్తుకెళ్లేదాన్ని. ఏమీ వినిపించలేదు. నీళ్ల చప్పుడే.

నిన్న జూన్ కోతలో మొదటి రోజు. కొత్త కాపరీ, అతని తమ్ముడూ పొద్దున్నే వచ్చి తలుపు తట్టి నన్ను నిద్రలేపారు. ఇద్దరూ మంచివాళ్లే. కోపంగా లేరు, తికమకగా ఉన్నారు.

"ఏమండీ, ఆల్డర్ మలుపు పైన ఎవరు కోశారు?" అన్నాడు పెద్దవాడు.

"ఎవరూ కొయ్యలేదు. ఏప్రిల్ తర్వాత అక్కడ కొడవలే దించలేదు."

"లేదండీ. మలుపు నుంచి ఊట దాకా మొత్తం శుభ్రంగా కోసేశారు. ఇంత చక్కటి కోత మేమిద్దరం కూడా కొయ్యలేం. గడ్డి ఇంకా దిగువకి వస్తూనే ఉంది. రాత్రికి రాత్రి ఒక్కరి వల్ల అయ్యే పని కాదు కదా. మీతో పాటు ఎవరు పట్టారు?"

"నేను మంచం దిగలేదు బాబూ," అన్నాను.

అతను నా చేతుల వైపు చూస్తున్నాడు.

నేనూ చూసుకున్నాను. ఏప్రిల్ బొబ్బలు ఎప్పుడో మానిపోయాయి. కానీ రెండు అరచేతులకీ నీలంగళ్ల పీలికలు చుట్టి ఉన్నాయి. తడిగా, సుద్దమట్టి అంటుకుని. ముడి మణికట్టు లోపలివైపు ఉంది. కొసన పళ్ల గాట్లు.